ఎండినదంతా చచ్చినది కాదు

రేడియో ప్రసంగ పాఠము
ధ్యాన భాగము: యోబు గ్రంథము 14వ అధ్యాయము, 7 నుండి 14 వచనములు

 

ఈ దినము మొక్క యొక్క బ్రతుకును గూర్చి, ఆ బ్రతుకులో నీరు చేసే పనిని గూర్చి కొద్దిసేపు ఆలోచన చేద్దాం. ఇది వ్యవసాయ కార్యక్రమమా అని కొందరు అనుకోవచ్చును. యోబు భక్తుడు తన పిల్లలను, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకొని బూడిదలో కూర్చున్నప్పుడు ఆయన మాట ఒక నరికిన చెట్టు మీదికి వెళ్ళింది. మోడు మట్టిలో ముసలిదైపోయినా నీటి జాడ తగిలితే మళ్ళీ చిగురు పెడుతుందని ఆయనకు తెలుసు. ఆ వెంటనే ఒక ప్రశ్న వేస్తాడు. చెట్టుకైతే ఆశ ఉన్నది, మరి మనిషికి? చాలామంది మొదటి సగం చదివి, చెట్టును చూసి సంతోషించి, పుస్తకం మూసేస్తారు. యోబు అక్కడ ఆగలేదు. ఆయన ప్రశ్నను వదలకుండా మనము కూడా నడుద్దాం.

మొదట చెట్టు దగ్గరకు వెళ్దాం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా అడవులను ఎండాకాలంలో చూచినవారు మీలో చాలామంది ఉంటారు. జన్నారం, ఉట్నూరు వైపు వెళ్ళినా, నిర్మల్ ఘాట్ ఎక్కినా టేకు చెట్లు ఆకు లేకుండా బూడిదరంగు కట్టెల్లాగా నిలబడి ఉంటాయి. కింద ఎండుటాకులు అడుగు వేస్తే గలగలమంటాయి. ఊరికి కొత్తవాడు చూస్తే ఈ అడవికి ఏదో చీడ పట్టింది, అంతా చచ్చిపోయింది అనుకుంటాడు. స్థానికుడు అలా అనుకోడు. మిరుగం దాటి రెండు మంచి వానలు పడనియ్యి, ఏనుగు చెవులంత ఆకులతో ఇదే అడవి ఆకాశం కనబడకుండా కమ్ముకుంటుందని అతనికి తెలుసు.

ఆ ఆకులు ఎందుకు రాలుతాయి? గాలికి రాలిపోతున్నాయని మనము అనుకుంటాం. నిజానికి చెట్టే వాటిని రాల్చుకుంటుంది. ఆకు అడుగున కంటికి కనబడని సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిని పత్రరంధ్రాలు అంటారు. చెట్టు గాలి తీసుకునేది వాటి ద్వారానే, నీరు ఆవిరై బయటికి పోయేది కూడా వాటి ద్వారానే. ఈ ప్రాంతానికి సంవత్సరమంతటిలో పడే వానలో ఎక్కువ భాగం జూన్ నుండి సెప్టెంబరు లోపే పడిపోతుంది. ఆ తరువాత నేలలో తడి తగ్గుతూ వస్తుంది. ఎండాకాలంలో కూడా ఆకులన్నీ ఉంచుకుంటే, వచ్చే నీటికంటే పోయే నీరు ఎక్కువై చెట్టు నిజంగానే చచ్చిపోతుంది. కాబట్టి అది ముందుగానే ఆకులో ఉన్న సారాన్ని, ముఖ్యంగా నత్రజనిని, చాలావరకు కాండంలోకి వెనక్కి తీసుకుంటుంది. ఆకు కాడ మొదట్లో ఒక సన్నని పొరను తయారుచేసి ఆ దారి మూసేస్తుంది. అప్పుడు ఆకు ఊడి పడుతుంది. అడవి చచ్చిపోయినట్టు మనకు కనబడే ఆ దినాలలో చెట్టు తన ప్రాణాన్ని జాగ్రత్త చేసుకుంటున్నది.

ఇంకొక సంగతి గమనించండి. ఆకు ఒక్కటి లేని కాలంలోనే మోదుగు చెట్టు ఎర్రగా పూస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అడవికి నిప్పు అంటుకున్నదా అన్నట్టు ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. గోండు, కొలాం గూడేల తల్లులు తెల్లవారకముందే బుట్టలు పట్టుకొని వెళ్ళి ఏరుకుంటారు. పువ్వు రాలిన తరువాత, వాన ఇంకా రాకముందే, ఇప్పచెట్టు రాగిరంగు చిగురు తొడుగుతుంది. ఆ చిగురుకు నీరు ఎక్కడిది? కాండంలో దాచుకున్న తడి, లోతుకు దిగిన వేరు తోడిన తడి. నల్లని మబ్బు ఒక్కటి కనబడకముందే ఆ చెట్టు ఆకుతో నిలబడుతుంది.

ఇక విత్తనం దగ్గరకు వద్దాం. కరీంనగర్ రైతుకు తేమ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసినప్పుడు తేమ 17 శాతం దాటితే తూకం వేయరని, మళ్ళీ ఆరబోసుకోవాలని మీకు బాగా తెలుసు. అదే విత్తనపు వడ్లనైతే ఇంకా ఆరబెట్టి 13 శాతానికి తెస్తారు. ఆ స్థితిలో గింజ రాయిలాగా ఉంటుంది. కొరికితే పటుక్కుమంటుంది. అయినా దాని లోపల, ఒక మూలకు, చిన్న బీజము ఉంటుంది. దానికి వేరు కాగల భాగము, మొలక కాగల భాగము అప్పటికే ఏర్పడి ఉంటాయి. పక్కనే పిండి రూపంలో దానికి కావలసిన ఆహారము ఉంటుంది. తల్లి మొక్క బిడ్డకు సద్ది కట్టి పంపినట్టు ఉంటుంది. గింజ ఊపిరి దాదాపు ఆగినంత నెమ్మదిగా ఉంటుంది. అది నిద్ర.

ఆ నిద్ర ఎంతకాలం సాగుతుంది? మన ఇంటి గరిసెలో వడ్లు ఒకటి రెండేళ్ళకు మొలకశక్తి పోగొట్టుకుంటాయి. కాని కొన్ని గింజలు ఆశ్చర్యమైనవి. ఇశ్రాయేలు దేశములో మృతసముద్రం దగ్గర మసాదా అనే ప్రాచీన కోట ఉన్నది. అక్కడ 1960ల తవ్వకాలలో కొన్ని ఖర్జూరపు గింజలు దొరికాయి. వాటి వయస్సు సుమారు 2000 సంవత్సరాలని తేలింది. 2005లో డాక్టర్ సారా సాల్లన్, ఎలైన్ సోలోవే అనే ఇద్దరు స్త్రీలు ఆ గింజలను మొలకెత్తించే ప్రయత్నము చేస్తే, ఒకటి మొలిచింది. బైబిలులో అందరికంటే ఎక్కువకాలం బ్రతికినవాని పేరు మీద దానికి మెతూషెల అని పేరు పెట్టారు. అది మగచెట్టు. మరొక ప్రాచీన గింజ నుండి పెరిగిన ఆడచెట్టుకు హన్నా అని పేరు పెట్టారు. 2020లో, మెతూషెల పుప్పొడితో హన్నా కాయలు కాసింది. మన ప్రభువు ఈ భూమి మీద నడిచిన కాలానికి దగ్గరలో కాసిన గింజలు, ఈ తరంలో చెట్లై పండు ఇచ్చాయి.

ఆ గింజకు ఇన్ని శతాబ్దాలు లేనిది ఏమిటి? ప్రాణము కాదు, నీరు. ప్రాణము లోపలే ఉన్నది. నీరు వచ్చి దానిని లేపింది.

ఆ లేపడం ఎలా జరుగుతుందో నారు పోసే ప్రతి ఇంటిలో చూడవచ్చును. వడ్లను ఒక దినమంతా నానబెడతాం. గింజ నీరు పీల్చుకొని ఉబ్బుతుంది. తరువాత నీరు వంచేసి, గోనెసంచిలో మూటగట్టి, మండె కడతాం. లోపల బీజము మేల్కొని ఒక సంకేతాన్ని పంపుతుంది. ఆ సంకేతము అందగానే గింజ పొట్టు కిందనున్న పొర కొన్ని రసాలను విడుదల చేస్తుంది. అవి గట్టి పిండిని తియ్యని చక్కెరగా మారుస్తాయి. బిడ్డకు పాలు పట్టినట్టు ఆ చక్కెర బీజానికి చేరుతుంది. మరుసటి దినము ఆ సంచిలో చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. అక్కడ ఎవరూ మంట పెట్టలేదు. అది గింజల ఊపిరి వేడి.

నీరు ముఖ్యమని గింజను నీటిలోనే ముంచి ఉంచితే ఏమవుతుంది? గాలి అందదు. వరి గింజ లోతు నీటిలో ఉంటే వేరు సరిగా రాకుండా ముందు మొలక మాత్రమే పైకి సాగుతుంది. అందుకే పెద్దలు నానబెట్టిన తరువాత నీరు వంచేస్తారు. నల్లరేగడిలో నీరు నిలిస్తే పత్తి పచ్చబడిపోవడం కూడా మీరు చూచినదే. వేరుకు తడితో పాటు ఊపిరి కూడా కావాలి.

ప్రియులారా, ఇప్పుడు నేను చెప్పబోయే సంగతిని శ్రద్ధగా వినండి. ఎండు గింజ వేచి ఉండగలదు. కొద్దిగా నానినా, వేరు బయటికి రాకముందైతే చాలా గింజలు మళ్ళీ ఎండి, మరొక వానకు మొలవగలవు. కాని ఒకసారి వేరు బయటికి వచ్చిన తరువాత ఆ శక్తి పోతుంది. అప్పుడు ఎండితే చచ్చిపోవడమే, వెనక్కి వెళ్ళి మళ్ళీ గింజగా నిద్రపోవడం దానికి సాధ్యము కాదు. మొక్క బ్రతుకంతటిలో ఇంత బలహీనమైన సమయం మరొకటి లేదు.

ఈ సంగతి పుస్తకంలో చదవనవసరం లేదు, మన చెలకల్లో రైతు కన్నీళ్ళతో నేర్చుకున్నాడు. రోహిణి ఎండలు ముగిసి, మిరుగంలో ఒక జల్లు పడుతుంది. పక్కవాడు పత్తి విత్తనం పెట్టేశాడు, మనమూ పెట్టేద్దామని తొందరపడతాం. పై రెండంగుళాల మట్టి తడిసింది, అంతే. గింజ మేల్కొంటుంది, మొలక వస్తుంది. పది పదిహేను దినాలు వాన మొహం చాటేస్తుంది. ఆ మొలకలు వరుసలు వరుసలుగా మాడిపోతాయి. మళ్ళీ విత్తనపు ప్యాకెట్లు, మళ్ళీ అరక కిరాయి, మళ్ళీ కూలి, మళ్ళీ అప్పు. అందుకే వర్షం మీదనే ఆధారపడిన నల్లరేగడి భూముల్లో 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల లోతుగా తడిసిన తరువాతే పత్తి విత్తుకోమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ప్రతి ఏటా చెబుతూ ఉంటారు. గింజకు సంచిలో ఉన్నన్నాళ్ళు ఏ ప్రమాదమూ లేదు. అరకొర తడిలోనే దానికి ప్రమాదము.

మన ప్రభువు విత్తువాని ఉపమానములో రాతినేల సంగతి చెప్పాడు. మన్ను లోతు లేనిచోట విత్తనం త్వరగానే మొలిచిందని, వేరు లేక ఎండకు మాడిందని ఆయన చెప్పినది పొలం ఎరిగినవాడు చెప్పే మాట.

ఇప్పుడు మన సంఘాలను గూర్చి, మన ఊళ్ళను గూర్చి ఆలోచించండి. కష్టంలో ఉన్నవారందరికీ మనము ఒకే మాట చెబుతాం: ఓర్చుకో, దేవుడు చూస్తాడు. మాట మంచిదే. కాని ఎవరికి చెబుతున్నాం? ముప్పై ఏళ్ళు విశ్వాసంలో నిలబడి, ఎన్నో ఎండలు చూచిన పెద్దతల్లి ఉన్నది. ఆమె టేకు చెట్టువంటిది. ఆకులన్నీ రాలినా వేరు లోతుగా ఉన్నది. ఆమెకు ఓర్చుకో అని చెప్పనక్కరలేదు, ఆమే మనకు చెబుతుంది. మరి రెండుసార్లు విత్తిన విత్తనం మాడిపోయి, అప్పు ఇచ్చినవాడు గుమ్మం ముందు కూర్చుంటే, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటి వెనుక కూర్చున్న పడుచు రైతు? నిన్నగాక మొన్న భర్తను పోగొట్టుకున్న చెల్లెలు? పరీక్ష తప్పి గదిలోనుండి బయటికి రాని పిల్లవాడు? వీరు అప్పుడే వేరు బయటపెట్టిన మొలకలు. వీరికి వచ్చే ఆదివారం చేసే ప్రార్థన మంచిదే గాని, ఈ సాయంత్రమే ఒక చెంబు నీరు కావాలి.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పంట పోయి, అప్పుల బాధ తట్టుకోలేక ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ ఇళ్ళ ముందు నిలబడి, అయ్యో, ముందే తెలిస్తే బాగుండేది అని మనం అనుకుంటాం. అన్నా, తమ్మీ, ముందే తెలియాలంటే ముందే వెళ్ళాలి. మీ వాడలో ఎవరైనా మాటలు తగ్గించాడా, తిండి మానేశాడా, నేను లేకపోతేనే అందరికీ నయం అంటున్నాడా? ఆ మాటను తేలికగా తీసుకోకండి. వెళ్ళి పక్కన కూర్చోండి. ఉపదేశము చేయనక్కరలేదు, వినండి. ఒంటరిగా వదిలి రాకండి. విత్తనానికి చేబదులు ఇవ్వగలిగితే ఇవ్వండి, అరక ఇవ్వగలిగితే అరక ఇవ్వండి. ప్రభుత్వము నడిపే టెలీ మానస్ అనే ఉచిత ఫోను సేవ ఉన్నది. 14416 అనే నంబరుకు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. వింటున్న మీలో ఎవరి మనస్సు అయినా అలాంటి చీకటిలో ఉంటే, దయచేసి ఇప్పుడే ఇంట్లో ఒకరిని పిలిచి చెప్పండి. చెప్పడం సిగ్గు కాదు. నేల ఎండినందుకు మొలకను ఎవరూ నిందించరు.

మొలక నిలదొక్కుకొని మొక్క అయిన తరువాత నీరు ఏమి చేస్తుంది? ఇక్కడ దేవుని జ్ఞానము మరింత ఆశ్చర్యంగా ఉంటుంది. వేరు వంద చుక్కల నీరు పీల్చితే, అందులో తొంభై ఏడుకు పైగా ఆకుల ద్వారా ఆవిరై ఆకాశంలోకి పోతుంది. మూడు చుక్కలైనా మొక్కలో మిగలడం కష్టము. ఇదంతా వృథా అనిపిస్తుంది. కాని మొక్కకు మోటారు లేదు, మన గుండెవంటిది లేదు. మరి ఎత్తైన టేకు కొమ్మకు నీరు ఎవరు ఎక్కిస్తున్నారు? ఆకు నుండి ఒక చుక్క ఆవిరై పోయినప్పుడు, దాని వెనుకనున్న చుక్కను అది లాగుతుంది. నీటి చుక్కలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి గనుక, ఆ లాగుడు కొమ్మ నుండి కాండానికి, కాండం నుండి వేరు కొసకు చేరుతుంది. పైన ఇస్తూ ఉంటేనే కింద నుండి వస్తూ ఉంటుంది. ఆ నీటితోపాటే నేలలోని పోషకాలు కూడా పైకి ఎక్కుతాయి. మిగిలిన కొద్ది నీటితో, గాలితో, సూర్యుని వెలుగుతో ఆకు ఆహారము వండుతుంది. అలా వండేటప్పుడు నీటి నుండి విడిపోయిన ప్రాణవాయువునే మనము పీల్చుకుంటున్నాం.

ఇది కాలువ మీద బ్రతికే రైతుకు బాగా అర్థమవుతుంది. 1963లో పోచంపాడు దగ్గర పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుండి కాకతీయ కాలువ బయలుదేరి, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాలను తడుపుతూ లోయర్ మానేరు డ్యామ్ దాకా, ఇంకా కిందికీ వెళ్తుంది. నీరు తక్కువైన ఏడు వారబందీ పెడతారు. కొన్ని దినాలు ఒకరికి, కొన్ని దినాలు మరొకరికి. ఆ వరుస తప్పించి, తూము దగ్గర రాత్రిపూట నీరు మళ్ళించుకున్నవాడి పొలం పచ్చగానే ఉంటుంది. కాలువ చివర ఉన్నవాడి వరి అప్పుడే పొట్ట దశలో ఉంటుంది. వరికి ఆ సమయంలో, పూత సమయంలో, నీరు అందకపోతే గింజ పాలు పోసుకోదు. పైరు బయటికి నిలబడే ఉంటుంది, కంకి చేతిలోకి తీసుకుంటే తాలు. ఒకడు అవసరానికి మించి పెట్టుకున్న నీరు మరొకని ఇంట్లో తిండిగింజ లేకుండా చేసింది. ఆలయంలో పక్కపక్కన కూర్చొని పాటలు పాడే ఇద్దరు అన్నదమ్ములు తూము దగ్గర ఒకరినొకరు చూసుకోలేకపోతే, మన ఆరాధన ఎక్కడ ఎండిపోయిందో వేరే వెదకనక్కరలేదు.

ఇప్పుడు యోబు ప్రశ్నకు మళ్ళీ వద్దాం. టేకు నర్సరీలో ఒక పని చేస్తారు. ఏడాది పెరిగిన మొక్కను పీకి, కాండాన్ని అంగుళం మాత్రం ఉంచి నరికేస్తారు. పక్కవేర్లు చెక్కేసి, తల్లివేరును జానెడు లోపు ఉంచుతారు. దానిని స్టంపు అంటారు. 2015లో మొదలైన హరితహారం కార్యక్రమములో ఇలాంటి టేకు స్టంపులు రైతులు గట్ల మీద పెట్టుకున్నారు. చూడడానికి పొయ్యిలో పెట్టే పుల్లలాగా ఉంటుంది. వానల మొదట్లో దానిని నేలలో దించితే, కొద్ది వారాలలో చిగురు వస్తుంది. యోబు చెప్పిన మోడు ఇదే.

కాని యోబు అడిగినది నిజమే. కొట్టేసిన చెట్టు మళ్ళీ చిగురిస్తుంది, పాతిపెట్టిన మనిషి చిగురించడం మనము చూడలేదు. చిగురించిన ఆ చెట్టు కూడా ఒకనాడు పూర్తిగా చనిపోతుంది. బిడ్డను సమాధి చేసి వచ్చిన తల్లికి మోడు చిగురు చూపించి సరిపెట్టుకోమనడం ఆదరణ కాదు. యోబు ప్రశ్నకు జవాబు ప్రభువు మాటలో ఉన్నది. ఆయన తన మరణమును గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మోడును గూర్చి చెప్పలేదు, గోధుమగింజను గూర్చి చెప్పాడు. భూమిలో పడిన గింజ మళ్ళీ గింజగా తిరిగి రాదు. దాని పొట్టు చినిగిపోతుంది, దాచుకున్న పిండి అంతా ఖర్చయిపోతుంది. కొంతకాలం తరువాత తవ్వి చూస్తే వేసిన గింజ దొరకదు. కంకి వస్తుంది. పౌలు కూడా కొరింథీయులకు పునరుత్థానమును గూర్చి వ్రాసినప్పుడు విత్తనము దగ్గరకే వెళ్ళాడు. యోబుకు చూడ దొరకని ఆ ఉదయాన్ని, ఖాళీ సమాధి దగ్గర స్త్రీలు చూచారు.

కాబట్టి ప్రియులారా, ఈ వారము మూడు పనులు చేయండి. మీ జీవితంలో ఎండిపోయినట్టున్న ఒక దానిని, ఒక బంధమును గాని, ఒక ప్రార్థనను గాని, చచ్చిపోయిందని తొందరపడి నరికి పొయ్యిలో పెట్టకండి. మీ వాడలో మొలక స్థితిలో ఉన్నవారు ఎవరో గుర్తించి, రేపటికి వాయిదా వేయకుండా వెళ్ళండి. మీ తూము దగ్గరికి వచ్చిన నీటిని, అది కాలువ నీరైనా, డబ్బైనా, సమయమైనా, కింద ఉన్నవానికి అందనియ్యండి.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, వానను, ఎండను నీ చేతిలో ఉంచుకొన్న దేవా, ఈ సాయంత్రము పంట పోయిన ప్రతి ఇంటిని నీ సన్నిధిలో పెడుతున్నాము. అప్పుల భారముతో నిద్రపట్టని మా సహోదరులను నీవే కాపాడుము. వారి దగ్గరకు వెళ్ళే కాళ్ళను, వినే చెవులను మాకు దయచేయుము. ప్రియులను పోగొట్టుకొని కన్నీరు విడుస్తున్నవారిని పునరుత్థాన నిరీక్షణతో ఆదరించుము. సమయానికి మా నేలలను తడుపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.